గొంతు కింద గుంట లోతుగా కనిపిస్తోంది.. జబ్బేమైనా ఉందా?

ప్రశ్న: నా వయసు 29. బరువు తగ్గాలని ఎనిమిది నెలలుగా రాత్రిపూట అన్నం మానేసి పుల్కాలు తింటున్నాను. రోజూ నడుస్తున్నాను. 11 కిలోలు తగ్గాను. ఇప్పుడు అద్దంలో చూసుకుంటే గొంతు కింద, రెండు కాలర్ బోన్‌ల మధ్య గుంట బాగా లోతుగా కనిపిస్తోంది. వేలు పెడితే లోపల గట్టిగా, గరుకుగా ఏదో తగులుతోంది. మెట్లెక్కి వచ్చాక అక్కడ టకటకా కొట్టుకుంటోంది కూడా. ఎముక అరిగిందా? గడ్డేమైనా ఉందా? చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఆ గుంట కొత్తగా వచ్చింది కాదమ్మా, మీకు ఎప్పటి నుంచో ఉన్నదే. ఇన్నాళ్లూ కాస్త కొవ్వు దాన్ని కప్పి ఉంచింది. ఆ కొవ్వు కరగడంతో బయటపడింది.

రొమ్ము ఎముక పై అంచు తిన్నగా ఉండదు, కిందికి వంగి ఉంటుంది. దానికి అటొకటి, ఇటొకటి కాలర్ బోన్‌ల ఉబ్బెత్తు చివరలు వచ్చి కలుస్తాయి. ఆ రెండింటి నడుమ మిగిలిన పల్లమే మీరు చూస్తున్నది. మేం సుప్రాస్టెర్నల్ నాచ్ అంటాం. ఎముక అరగలేదు, దాని ఆకారమే అంత.

వేలికి గట్టిగా తగిలింది గడ్డ కాదు, శ్వాసనాళం. ఊపిరి పీల్చినప్పుడు అది ముడుచుకుపోకుండా 16 నుంచి 20 దాకా మృదులాస్థి రింగులు దాన్ని పట్టి ఉంచుతాయి. ఈ గుంటలో చర్మానికీ దానికీ మధ్య పెద్ద అడ్డేమీ లేదు, అందుకే రింగులు చేతికి తెలుస్తాయి. రోజుకు ఎన్నిసార్లు నొక్కి చూసుకుంటున్నారో మీరు రాయలేదు గానీ, ఊహించగలను. అలా నొక్కితే దగ్గు, నొప్పి తప్ప వచ్చేదేమీ లేదు. ఇక ఆపేయండి.

మేమూ అక్కడ వేలు పెడతాం, అయితే శ్వాసనాళం నడిమధ్యన ఉందో లేదో చూడటానికి. ఊపిరితిత్తి చుట్టూ బాగా నీరు చేరితే అది అవతలి వైపుకు జరుగుతుంది. పాత టీబీ మచ్చలు పడి ఊపిరితిత్తి కుంచించుకుపోతే అటే లాక్కుంటుంది. ఎక్స్‌రే చేతికి రాకముందే ఒక్క వేలితో ఇంత తెలుస్తుంది. కొద్దిగా కుడికి ఉండటం మాత్రం మామూలే. పసిపిల్లల్లో ఊపిరి తీసినప్పుడల్లా ఈ గుంట లోపలికి పీక్కుపోతూ, డొక్కలు ఎగరేస్తుంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక కొట్టుకోవడం సంగతి. గుండె నుంచి బయల్దేరిన పెద్ద రక్తనాళం సరిగ్గా ఈ రొమ్ము ఎముక పైభాగం వెనకే వంపు తిరుగుతుంది. గుండెకు ఎకో అనే స్కానింగ్ తీసేటప్పుడు ఆ వంపును చూడటానికి ప్రోబ్‌ను ఈ గుంటలోనే ఆనిస్తారు. సన్నగా ఉన్నవాళ్లకు మెట్లెక్కాక అక్కడ కొట్టుకోవడం కనిపిస్తుంది, కాసేపు కూర్చుంటే తగ్గిపోతుంది. తీరిగ్గా కూర్చున్నా, పడుకున్నా అదే పనిగా కొట్టుకుంటుంటే మాత్రం డాక్టర్‌కు చూపించాలి. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, గుండె కవాటం లీకు, అరుదుగా ఆ రక్తనాళమే ఉబ్బడం వల్ల కూడా అలా జరగొచ్చు.

మీరు తిండి తగ్గించి, నడిచి నెలకు కిలోన్నర లోపే తగ్గారు. లెక్క సరిపోతోంది. కడుపునిండా తింటూ ఇంత తగ్గి ఉంటే నేనూ థైరాయిడ్‌నే అనుమానించేవాణ్ని. అయినా ఒకసారి హిమోగ్లోబిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ రక్తపరీక్షలు చేయించండి. పొద్దున్నే మంచం దిగకముందు నిమిషంపాటు నాడి లెక్కపెట్టుకోండి. రోజూ 100 దాటుతుంటే ఈసీజీ కూడా కావాలి.

గడ్డ భయం ఇంకా పోకపోతే, గుక్కెడు నీళ్లు నోట్లో పోసుకుని, అద్దం ముందు గడ్డం కాస్త పైకెత్తి మింగండి. గుంటకు కాస్త పైన ఏదైనా ఉబ్బు మింగేటప్పుడు పైకి లేచి మళ్లీ కిందికి దిగితే అది థైరాయిడ్ కావొచ్చు, డాక్టర్ చెబితే మెడకు స్కానింగ్ చేయించుకోండి. అలాంటిదేమీ కనిపించకపోతే స్కానింగ్‌కు డబ్బులు పెట్టకండి.