లోహాలున్న చేప: ఏది తీసేయాలి, ఏది మానాలి?

ప్రశ్న: వారానికి మూడుసార్లు సముద్రపు చేపలు తింటాం. నా భార్యకు నాలుగో నెల. ఐదేళ్ల పాప ఉంది. ఫ్యాక్టరీల వ్యర్థాల వల్ల తీరప్రాంతపు చేపల కాలేయం, మొప్పల్లో సీసం, కాడ్మియం, పాదరసం చేరుతున్నాయని చదివాను. చేపలు మానేయాలా? బాగా కడిగి వేయిస్తే పోతాయా? పరీక్షలు అవసరమా?

జవాబు: మానేయొద్దు. బిడ్డ మెదడు ఎదగడానికి చేపల్లోని ఒమేగా-3 కొవ్వులు, అయోడిన్ చాలా అవసరం. మీరు చదివినవి కాలేయం, మొప్పల లెక్కలు. మనం తినేది కండ. పైగా అలాంటి అంకెలు ఎండబెట్టిన కణజాలానివైతే, పచ్చి చేపతో పోలిస్తే నాలుగైదు రెట్లు ఎక్కువగా కనిపిస్తాయి.

నీళ్లలోని లోహం ముందు తగిలేది మొప్పలకే. అక్కడి పల్చటి పొర ఉబ్బి, రేకులు ఒకదానికొకటి అతుక్కుపోయి చేపకు ఊపిరి సరిగా ఆడదు. కాడ్మియం కాలేయం, మూత్రపిండాల్లో మెటలోథయోనిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని ఉండిపోతుంది. మోతాదు మించితే కణాలు చచ్చిపోతాయి. సీసం ఎక్కువగా ఎముకలు, మొప్పలు, మూత్రపిండాల్లో చేరుతుంది. ఈ రెండూ కండలోకి వెళ్లేది తక్కువే కాబట్టి శుభ్రం చేయడం నిజంగా పనికొస్తుంది.

తలకాయ వండినా సరే మొప్పలు పూర్తిగా తీసేయండి. పేగులు, కాలేయం వద్దు. కడుపు చీల్చాక వెన్నెముకను అంటుకుని ముదురు ఎరుపు పట్టీ ఒకటి కనిపిస్తుంది. గడ్డకట్టిన రక్తమనుకుని చాలామంది వదిలేస్తారు. అది చేప మూత్రపిండం. పైపొర చీల్చి, చెంచాతో గీకి, ధారగా పడే నీళ్ల కింద కడగాలి. పీత డొప్పలోని గోధుమరంగు గుజ్జు, రొయ్య తల కూడా వండకముందే తీసేయాలి.

పాదరసం సంగతి వేరు. మిథైల్ మెర్క్యురీగా మారి అది కండలోని ప్రొటీన్లనే పట్టుకుంటుంది. ఉప్పుతో కడిగినా, నిమ్మరసం పిండినా, వేయించినా పోదు. చర్మం, కొవ్వు తీసేసినా అంతే. దీనికి చేపను చూసి ఎంచుకోవడమొక్కటే మార్గం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎఫ్ఏఓ (ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ) నిపుణుల సంఘం పెట్టిన పరిమితి వారానికి కిలో బరువుకు 1.6 మైక్రోగ్రాములు. అంటే 60 కిలోల మనిషికి 96 మైక్రోగ్రాములు. కిలోకు 0.1 మిల్లీగ్రాము (100 మైక్రోగ్రాములు) పాదరసమున్న చేప 960 గ్రాములు తింటే గానీ ఆ పరిమితికి చేరరు. అదే కిలోకు 1 మిల్లీగ్రామున్న సొరచేప అయితే 96 గ్రాములకే చేరిపోతారు. చిన్నచేపల్ని తిని ఏళ్లు బతికే చేపల్లోనే ఇది పోగుపడుతుంది. అందుకే సొర, మార్లిన్, పెద్ద ట్యూనా మీ భార్యకూ పాపకూ పూర్తిగా మానండి. కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు తినొచ్చు. ఆమెకు వారానికి రెండు మూడుసార్లు, పూటకు 110 గ్రాములు. పాపకు రెండుసార్లు, పూటకు 55 గ్రాములు చాలు.

చిన్నచేపలే తింటుంటే పరీక్షలు అక్కర్లేదు. పెద్దచేపలు తరచూ తిని ఉంటే రక్తంలో పాదరసం చూపించండి. చేపల ద్వారా వచ్చిన పాదరసం మూత్రంలో సరిగా తెలియదు. డాక్టరు ఆర్సెనిక్ (మరో విష మూలకం) పరీక్ష రాస్తే ముందు నాలుగు రోజులు సముద్రపు ఆహారం ఆపాలి. లేకపోతే చేపల్లో ఉండే హానిలేని ఆర్సెనిక్ కూడా లెక్కలోకొచ్చి అనవసరంగా భయపెడుతుంది. పెద్దచేపలు మానేస్తే రక్తంలోని మిథైల్ మెర్క్యురీ సుమారు 50 రోజుల్లో సగానికి తగ్గుతుంది. ఒంట్లోని విషాలను తీసేస్తామనే ‘డీటాక్స్’ మందులు, ముఖ్యంగా గర్భిణికి, సొంతంగా వాడొద్దు. పెదాల చుట్టూ, చేతివేళ్లలో తిమ్మిరి, నడకలో తూలడం, పక్కచూపు తగ్గడం ఉంటే వెంటనే న్యూరాలజిస్టుకు చూపించండి. ఏ చేపలు, ఎన్నాళ్లుగా, ఎంతెంత తిన్నారో ఆయనకు చెప్పండి.