రివర్బ్ తగ్గించండి, డిగ్రీ వదలకండి

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరులో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. పీజీ రూంలో ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్స్‌తో టెక్నో ట్రాక్స్ చేస్తుంటాను. వేగం 125 బీపీఎం, అంటే నిమిషానికి 125 బీట్లు. కిక్‌తో (బేస్ డ్రమ్ దెబ్బతో) సహా దాదాపు ప్రతి ఛానెల్‌కూ 3 సెకన్ల హాల్ రివర్బ్, అంటే పెద్ద హాల్లోలాంటి ప్రతిధ్వని, వేస్తాను. అలా వేస్తేనే పెద్దగా, ప్రొఫెషనల్‌గా అనిపిస్తుంది. కానీ మాస్టరింగ్‌లో (మిక్స్ అయ్యాక చేసే ఆఖరి సర్దుబాటులో) లిమిటర్ పెట్టగానే అంతా ముద్దగా అయిపోతోంది. మాస్టరింగ్ సరిగా నేర్చుకోమని ఫ్రెండ్స్ అంటున్నారు. ఇక్కడే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాది ఆడియో కోర్సుకు ఫీజు ఐదు లక్షలు. ఇంజినీరింగ్ ఆపి అందులో చేరాలనుంది. నాన్న ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: చేరొద్దు. కనీసం ఈ కారణంతో చేరొద్దు. మీ ట్రాక్‌లో ఉన్నది మాస్టరింగ్ సమస్య కాదు. మిక్స్‌లో, అంటే విడి శబ్దాలను కలిపే దశలో, వచ్చిన సమస్య మాస్టరింగ్‌లో బయటపడుతోంది, అంతే. ఏ దశలో వచ్చిన లోపాన్ని ఆ దశకే వెళ్లి దిద్దగలగడం ఈ వృత్తిలో డబ్బు తెచ్చే నైపుణ్యం. దానికి ముందుగా కావలసింది ఐదు లక్షలు కాదు, కాస్త లెక్క.

లెక్క ఇదీ. నిమిషానికి 60,000 మిల్లీసెకన్లు. 125తో భాగిస్తే 480. అంటే దాదాపు అర సెకనుకు ఒక కిక్ పడుతుంది. 3 సెకన్ల డికే అంటే రివర్బ్ శబ్దం 60 డెసిబెళ్లు తగ్గడానికి 3 సెకన్లు పడుతుందని, అంటే సెకనుకు 20 డెసిబెళ్లని. రెండో కిక్ పడే వేళకు మొదటి కిక్ తోక తగ్గింది పది డెసిబెళ్లు కూడా కాదు. అది పూర్తిగా అణిగేలోపు ఇంకో ఆరు కిక్‌లు పడతాయి. వాటి మీద బేస్, ప్యాడ్, హ్యాట్స్ తోకలు. పెళ్లిళ్లలో కల్యాణ మండపం మైకులో చదివింపులు చదువుతుంటే ఎవరు ఎంత ఇచ్చారో ఎందుకు అర్థం కాదంటారు? చదివేవాడి గొంతు బాగానే ఉంటుంది. ముందు చెప్పిన పేరు గోడల నుంచి తిరిగి వస్తుండగానే తర్వాతి పేరు దాని మీద పడుతుంది. మీ ట్రాక్‌లో జరుగుతున్నదీ అదే.

ఇక లిమిటర్ సంగతి. అది ఎత్తు శబ్దాలను ఒక గీత దాటనివ్వకుండా ఆపి, మిగతాదంతా పైకి తెస్తుంది. మీరు 6 డెసిబెళ్లు నెట్టారనుకోండి. కిక్ అప్పటికే గీత దగ్గర ఉంది కాబట్టి పెద్దగా పెరగదు. కిక్‌కీ కిక్‌కీ మధ్య ఉన్న రివర్బ్ తోక మాత్రం ఆ 6 డెసిబెళ్లూ పెరుగుతుంది. మిక్స్‌లో కాస్త వెనకాల ఉందనుకున్న హాల్ ఇప్పుడు ముందుకొచ్చి కూర్చుంటుంది. లిమిటర్ మార్చినా, ఖరీదైన ప్లగిన్ కొన్నా ఇది పోదు. పైగా స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో ట్రాక్‌లన్నిటినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినిపించే గట్టిదనానికి కొలత) దగ్గరకు సర్దుతుంది. మీరు అరిపించి పంపినా అక్కడ తగ్గించేస్తుంది. ముద్దతనం మాత్రం మీ దగ్గరే మిగిలిపోతుంది.

మాస్టరింగ్‌లో రివర్బ్ అసలు వాడరా అంటే, వాడతారు, అరుదుగా. మరీ పొడిగా ఉన్న రికార్డింగ్‌లో, విడి ట్రాక్స్ దొరకని పరిస్థితిలో, ట్రాక్ చివర తోక తెగిపోయి వచ్చినప్పుడు, అదీ ఉందో లేదో తెలియనంత. ఎందుకంటే అక్కడ వేసిన రివర్బ్ కిక్‌కూ సబ్ బేస్‌కూ (అన్నిటికంటే కింది బేస్‌కూ) కూడా పడుతుంది, విడి వాద్యానికి మాత్రమే వేయలేరు. మీరు స్వయంగా చేసుకునే ట్రాక్‌కు ఆ అవసరమే రాదు. ప్రాజెక్ట్ ఫైల్ మీ దగ్గరే ఉంది కదా.

కాబట్టి ప్రాజెక్ట్ తెరిచి, ఛానెళ్ల మీదున్న రివర్బ్‌లన్నీ తీసేయండి. రెండు సెండ్లు పెట్టండి. సెండ్ అంటే అన్ని ఛానెళ్ల నుంచీ కొంత శబ్దాన్ని ఒకే రివర్బ్‌కు పంపే దారి. ఒకటి అర సెకను, ముప్పావు సెకను ఉండే చిన్న రూం, రెండోది ఒకటిన్నర సెకన్ల ప్లేట్. ఆ రివర్బ్ తిరిగి వచ్చే రిటర్న్ ఛానెల్‌లో వెట్ (రివర్బ్ శబ్దం) నూరు శాతం, డ్రై (అసలు శబ్దం) సున్నా. పాత స్టూడియోల్లో ఇంకో దారే ఉండేది కాదు. 1957లో వచ్చిన జర్మనీ ఈఎంటీ 140 ప్లేట్ అంటే పెట్టెలో వేలాడదీసిన పెద్ద ఉక్కు రేకు. బరువు రెండున్నర క్వింటాళ్ల పైమాటే. అలాంటివి వాద్యానికొకటి ఎవరు కొంటారు? ఉన్న ఒకటి రెండింటిలోకే అన్నిటినీ పంపేవారు. దానివల్ల పాటంతా ఒకే చోట వాయించినట్టు వినిపించేది. ఈరోజు ల్యాప్‌టాప్‌లో ఎనిమిది హాళ్లు ఉచితంగా దొరుకుతున్నాయి కాబట్టి ఎనిమిదీ వేసేస్తున్నాం.

కిక్‌కూ సబ్‌కూ రివర్బ్ వద్దు. టెక్నోలో కిక్ రివర్బ్‌నే బేస్‌లా వాడే రంబుల్ పద్ధతి ఉంది, నిజమే. కానీ అక్కడ ఆ రివర్బ్‌ను విడిగా తీసి, ఫిల్టర్ చేసి, మోనో (రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం) చేసి, కిక్ పడ్డప్పుడల్లా అణిగేలా సైడ్‌చెయిన్ కట్టి వాడతారు. హాల్ ప్రీసెట్ వేసి వదిలేయడం రంబుల్ కాదు. సెండ్‌లో రివర్బ్‌కు ముందు ఒక ఈక్యూ (శబ్దంలో కింది, పై భాగాలను పెంచే, తగ్గించే సాధనం) పెట్టి కింది శబ్దాలు కోసేయండి. లండన్ అబీ రోడ్ స్టూడియో పేరు మీద చెలామణీలో ఉన్న పద్ధతిలో 600 హెర్ట్జ్ కింద, 10,000 హెర్ట్జ్ పైన కోసేస్తారు. మొదటిసారి వింటే ఇంత కోయాలా అనిపిస్తుంది. మిక్స్ మొత్తంలో విన్నాక సరిపోయిందనిపిస్తుంది. ప్రీ-డిలే మీ టెంపోలో 30 మిల్లీసెకన్లతో మొదలుపెట్టండి. 480లో పదహారో వంతు అది. అసలు శబ్దం ముందు వినపడి, గది తర్వాత వినపడుతుంది. లీడ్ (ప్రధాన ట్యూన్) వెనక్కి పోకుండా ఉండటానికి డికే కంటే ఈ ఒక్క నాబ్ ఎక్కువ పని చేస్తుందని నా అభిప్రాయం.

పెద్ద హాల్ మీద ప్రేమ ఉంటే బ్రేక్‌డౌన్ కోసం దాచుకోండి. అక్కడ కిక్ ఉండదు, తోకకు చోటు ఉంటుంది. ఆటోమేషన్‌తో సెండ్ పెంచి, డ్రాప్ పడే (కిక్ మళ్లీ మొదలయ్యే) క్షణంలో సున్నా చేయండి. డ్రాప్ పెద్దగా అనిపించేది దానికి ముందున్న రివర్బ్ ఆగిపోవడం వల్ల కూడా. ఇందిరానగర్, కోరమంగళ పబ్బుల్లో ఒక చుట్టు చుట్టి వింటే ఇంకో సంగతి తెలుస్తుంది. అద్దాలు, కాంక్రీట్ ఉన్న హాలు తన సొంత రివర్బ్ తాను కలుపుతుంది. హెడ్‌ఫోన్స్‌లో ఆ గది ఉండదు. అందుకే రెండు చోట్లా వినకుండా ఫైనల్ అనుకోకండి. మోనోలో కూడా వినండి, వెడల్పాటి రివర్బ్ చాలావరకు అక్కడ పలచబడిపోతుంది.

ఇక కెరీర్. బెంగళూరులో ఎలక్ట్రానిక్ మ్యూజిక్ మాస్టరింగ్ ఇంజినీర్ అనే నెలజీతం ఉద్యోగం కోసం వెతికితే నిరాశే. అది ఎక్కువగా ఫ్రీలాన్స్ పని, పేరు రావడానికి ఏళ్లు పడుతుంది. ప్రకటనలు, పాడ్‌కాస్ట్‌లు, గేమ్స్, లైవ్ సౌండ్ కలుపుకుంటేనే నెల గడుస్తుంది. సినిమా సౌండ్ వైపు మనసుంటే పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐ అనే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లు ఉన్నాయి. వాటికి డిగ్రీ కావాలి. మధ్యలో ఆపేస్తే ఆ తలుపు మూసుకున్నట్టే.

మీరు ఆపేద్దామనుకుంటున్న ఈసీఈలోనే రివర్బ్ ఉందని మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో చదివిన కన్వల్యూషన్ గుర్తుందా? పరీక్ష కోసం బట్టీ పట్టిన అదే కన్వల్యూషన్ ఒక రకం రివర్బ్ ప్లగిన్లలో నడుస్తోంది. ఒక హాలు ఇంపల్స్ రెస్పాన్స్ (చిటిక లాంటి చిన్న శబ్దానికి ఆ హాలు ఇచ్చే ప్రతిధ్వని) తీసుకుని మీ శబ్దంతో కన్వాల్వ్ చేస్తే, మీ శబ్దం ఆ హాల్లో వినిపిస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ 1960ల మొదట్లో కోంబ్ ఫిల్టర్లు, ఆల్‌పాస్ ఫిల్టర్లు కలిపి కృత్రిమ రివర్బ్ కట్టే దారి చూపించాడు. ఈనాటి ఎన్నో రివర్బ్ ప్లగిన్లకు మూలం అక్కడ ఉంది. ఆ రెండు ఫిల్టర్లూ మీ డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ (డీఎస్‌పీ) సిలబస్‌కు దూరమైనవేమీ కాదు.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా దీన్నే తీసుకోండి. కాలేజీ సెమినార్ హాల్లో స్పీకర్ పెట్టి సైన్ స్వీప్ (కింది స్వరం నుంచి పై స్వరానికి జారే శబ్దం) వాయించి, మైక్‌తో రికార్డ్ చేసి, ఇంపల్స్ రెస్పాన్స్ రాబట్టండి. తర్వాత దాన్ని నడిపే ప్లగిన్ సీ ప్లస్ ప్లస్‌లో, ఆడియో ప్లగిన్లు రాయడానికి వాడే జ్యూస్ ఫ్రేమ్‌వర్క్ మీద రాయండి. మీరు వెంటనే ఒక గోడకు గుద్దుకుంటారు. సెకనుకు 48,000 శాంపిళ్లు, రెస్పాన్స్ 2 సెకన్లు అంటే 96,000 శాంపిళ్లు. నేరుగా గుణిస్తే ఒక్క ఛానెల్‌కు సెకనుకు 460 కోట్ల గుణకారాలు. ఆ గుణకారాలను బాగా తగ్గించే ఎఫ్‌ఎఫ్‌టీ అనే లెక్క పద్ధతి ఎందుకు కావాలో, దాన్ని ముక్కలుగా చేసి ఆలస్యం రాకుండా ఎలా నడపాలో అప్పుడు తెలుస్తుంది. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? డాల్బీకి, హర్మన్‌కు బెంగళూరులో ఆఫీసులున్నాయి. కార్ల ఆడియో, ఇయర్‌బడ్స్, మొబైల్ చిప్స్ మీద పనిచేసే టీమ్‌లు ఈ ఊళ్లో ఉన్నాయి. చెవి ఉన్న ఇంజినీర్, లెక్క తెలిసిన మ్యుజీషియన్ వాళ్లకు తరచూ దొరకరు.

మిక్సింగ్ పని కూడా మానొద్దు. కేంబ్రిడ్జ్ మ్యూజిక్ టెక్నాలజీ సైట్‌లో ప్రాక్టీస్ కోసం మల్టీట్రాక్స్ ఉచితంగా ఇస్తారు. అవి తీసుకుని మిక్స్ చేయండి. పోర్ట్‌ఫోలియోలో ముందు, తర్వాత వెర్షన్లు పెట్టేటప్పుడు రెండిటి లౌడ్‌నెస్ సమానం చేయండి. గట్టిగా ఉన్నది ఎప్పుడూ బాగున్నట్టే వినిపిస్తుంది, తెలిసినవాళ్లు ఆ మోసం వెంటనే పట్టేస్తారు.

డిగ్రీ అయ్యాక కూడా కోర్సు కావాలనిపిస్తే అప్పుడు ఆలోచిద్దాం. చేరేముందు ఆ ఇన్‌స్టిట్యూట్‌లో పాత విద్యార్థులు చేసిన మిక్స్‌లు వినిపించమనండి, స్టూడియో గదిలో ఒక్కొక్కరికి వారానికి ఎన్ని గంటలు ఇస్తారో అడగండి. బ్రోషర్‌లోని కన్సోల్ ఫోటో చూసి సంతకం పెట్టొద్దు.

నాన్నగారితో గొడవ అక్కర్లేదు. చదువు పూర్తి చేస్తాను, ప్లేస్‌మెంట్లకు కూర్చుంటాను, ప్రాజెక్టు ఆడియోలో చేస్తాను అని చెప్పండి. ఆయన టెన్షన్ సగం తగ్గుతుంది. ఆ తర్వాత అడగాల్సింది ఒక జత చిన్న స్టూడియో మానిటర్లు, పాతిక వేలలోపు వస్తాయి. అవి కూడా పీజీ ఖాళీ చేసి ఫ్లాట్‌కు మారాకే కొనండి. లేకపోతే పక్క రూం వాళ్లు ఓనర్‌కు ఫోన్ చేస్తారు.