ఆ చుక్కలకు భయపడి టామాక్సిఫెన్ ఆపకండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మాది దిల్‌సుఖ్‌నగర్. మా అమ్మకు 49 ఏళ్లు. నిరుడు రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి. అప్పటి నుంచి రోజూ టామాక్సిఫెన్ 20 ఎంజీ వాడుతోంది. ఈమధ్య మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక వీడియో వచ్చింది. మన కణాల్లో చుక్కల్లాంటి గదులు ఉంటాయట, క్యాన్సర్ మందు వాటిలో ఇరుక్కుపోయి పనిచేయదట. పసుపు, మిరియాల క్యాప్సూల్స్ వాడితే ఆ చుక్కలు కరిగిపోతాయట. అన్నయ్య వెంటనే తెప్పించాడు. అమ్మ పది రోజులుగా టామాక్సిఫెన్ మానేసి అవే వేసుకుంటోంది. బయాప్సీ రిపోర్టు తీసి చూస్తే అందులో ‘ప్రామినెంట్ న్యూక్లియోలై’ అని ఉంది. అవి కూడా ఆ చుక్కలేనా? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మాత్ర సంగతి చూడండమ్మా, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. ఇవాళే మీ ఆంకాలజిస్టుకు ఫోన్ చేసి, పది రోజులు గ్యాప్ వచ్చిందని, ఈ క్యాప్సూల్స్ వేసుకున్నారని దాచకుండా చెప్పండి. కోప్పడతారేమోనని ఆగొద్దు. టామాక్సిఫెన్ ఒంట్లోంచి మెల్లగా పోయే మందు. ఉన్నదాంట్లో సగం తగ్గడానికే 5 నుంచి 7 రోజులు పడుతుంది. కాబట్టి పది రోజులకే చేసిన వైద్యమంతా వృథా అయిందని బెంగపడకండి. సాధారణంగా ఎప్పటిలాగే రోజుకొక మాత్రతో మళ్లీ మొదలుపెట్టమంటారు. పోయిన రోజులకు లెక్కగట్టి రెండేసి మాత్రలు మాత్రం వేయకండి. క్యాప్సూల్స్ ఈ పూట నుంచే ఆపేయండి.

ఇక చుక్కల విషయం. వీడియోలో అబద్ధం ఒక్కటే ఉంటే జనం ఇంత సులువుగా నమ్మరు, అందులో కొంత నిజం కూడా ఉంది. కణంలో చాలా గదులకు పొర ఉంటుందని బడిలో చదువుకున్నాం. కానీ పొర లేని గదులు కూడా ఉన్నాయి. వేడి చారు మీద తేలే నూనె చుక్కలను చూడండి. వాటి చుట్టూ గోడ ఏమీ లేదు, అయినా నీళ్లలో కలవవు. గరిటెతో కదిపితే రెండు చుక్కలు దగ్గరకొచ్చి ఒకటైపోతాయి. కణంలో కొన్ని ప్రొటీన్లు, ఆర్‌ఎన్‌ఏ కూడా అలాగే ఒకచోట గుమిగూడి చుక్కలు కడతాయి. పని పడినప్పుడు ఏర్పడి, పని అయ్యాక విడిపోయేవి కూడా వాటిలో ఉన్నాయి. 2009లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో క్లిఫర్డ్ బ్రాంగ్విన్, టోనీ హైమన్ బృందం మిల్లీమీటరు పొడవుండే ఒక పురుగు పిండంలో ఈ చుక్కలు ద్రవంలా జారడం, ఒకదానిలో ఒకటి కలిసిపోవడం చూసింది. శాస్త్రవేత్తలు వీటిని బయోమాలిక్యులర్ కండెన్సేట్లు అంటారు. ఇవి మీలో ఉన్నాయి, నాలో ఉన్నాయి. ఇవి లేకుండా కణానికి రోజు గడవదు. వాటన్నిటినీ కరిగించేస్తామని ఎవరైనా అంటే, అది వైద్యం కాదు.

క్యాన్సర్ చేసేదేమిటంటే, ఈ ఏర్పాటును తనకు అనుకూలంగా వాడుకుంటుంది. కణం పెరగమని చెప్పే జన్యువుల దగ్గర ఈ చుక్కలు పెద్దవిగా, గట్టిగా పోగుపడితే ఆ జన్యువులు ఆగకుండా పనిచేస్తూనే ఉంటాయి. పిల్లల ఎముకల్లో వచ్చే యూయింగ్ సార్కోమాలో, కొన్ని రకాల బ్లడ్ క్యాన్సర్లలో, ఏఎల్‌కే రకం లంగ్ క్యాన్సర్‌లో రెండు జన్యువులు అతుక్కుని పుట్టిన వింత ప్రొటీన్లు ఇలాంటి గుంపులే కడుతున్నాయని తేలింది.

మీ అమ్మగారి మందుకు సంబంధించిన పరిశోధన 2020లో అమెరికాలో రిచర్డ్ యంగ్ బృందం చేసింది. వీడియో చేసినవాళ్లు దాన్నే తలకిందులు చేసినట్టున్నారు. కణ కేంద్రకంలో మెడ్1 అనే ప్రొటీన్ చుక్కలు కడుతుంది. ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను అందుకునే ఈస్ట్రోజెన్ రిసెప్టార్ అనే ప్రొటీన్ ఆ చుక్కల్లోకి చేరి, క్యాన్సర్‌కు కావలసిన జన్యువులను నడిపిస్తుంది. టామాక్సిఫెన్ కూడా అదే చుక్కలోకి వెళ్లి, రిసెప్టార్‌ను అక్కడి నుంచి బయటికి నెడుతుంది. మందు చుక్కలోకి వెళ్లడం ఇరుక్కుపోవడం కాదమ్మా, అది చేరాల్సిన చోటికి చేరడం. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కూడా ఇలాంటి చుక్కల్లోనే ఎక్కువగా పోగవుతుందని అదే బృందం చూపించింది.

మరి మందు పనిచేయకపోవడం అనే మాట ఎక్కడిది? టామాక్సిఫెన్‌కు లొంగని కణాల్లో మెడ్1 ఎక్కువై, చుక్కలు ఉబ్బి, మందు పలచబడుతోందని వాళ్లు ల్యాబ్‌లో గమనించారు. చిన్న గిన్నెడు చారుకు సరిపోయిన ఉప్పు పెద్ద గుండిగెడు చారులో వేస్తే చప్పగా ఉంటుంది కదా, అలాగన్నమాట. మందు మొండికేయడానికి ఉన్న అనేక కారణాల్లో ఇది ఒకటి. ఇది చదివి మాత్ర మానేయడమంటే, చప్పగా ఉందని ఉన్న కాస్త ఉప్పూ తీసేయడమే. హార్మోన్ రిసెప్టార్ పాజిటివ్, అంటే కణాల్లో ఇలాంటి రిసెప్టార్లు ఉన్న రొమ్ము క్యాన్సర్‌లో 5 ఏళ్లు టామాక్సిఫెన్ వాడితే, 15 ఏళ్లలో ఆ జబ్బుతో చనిపోయే ముప్పు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. వేలాది మంది ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించి తేల్చిన సంగతి ఇది.

ఆ క్యాప్సూల్స్ గురించి ఎక్కువ ఆందోళనగా ఉంది నాకు. పసుపులోని కర్క్యుమిన్, మిరియాల్లోని పైపరిన్ కలిపి ఎక్కువ మోతాదులో ఇస్తే, టామాక్సిఫెన్ నుంచి మన శరీరం తయారుచేసుకునే ఎండాక్సిఫెన్ అనే అసలు మందు రక్తంలో తగ్గిందని నెదర్లాండ్స్‌లో 2019లో తేలింది. అంటే రెండూ కలిపి వేసుకున్నా నష్టమే. పప్పులో వేసే చిటికెడు పసుపు, పొంగలిలో మిరియాలు నిశ్చింతగా తినమనండి. నేను చెప్పేది ఆ సారాన్ని గాఢంగా చేసి అమ్మే మాత్రల గురించి. అలాగే డిప్రెషన్‌కు వాడే ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ కూడా ఎండాక్సిఫెన్‌ను తగ్గిస్తాయి. అమ్మగారు అవి వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి, వేరే మందు మారుస్తారు. వాటిని కూడా మీ అంతట మీరు ఆపొద్దు.

రిపోర్టులో మాటకు వస్తే, మీరు బాగానే పట్టుకున్నారు. న్యూక్లియోలస్ కూడా పొర లేని చుక్కే, కేంద్రకంలో అన్నిటికన్నా పెద్దది. ప్రొటీన్లు తయారుచేసే యంత్రాల్లాంటి రైబోజోములు తయారయ్యేది అక్కడే. క్యాన్సర్ కణానికి ప్రొటీన్లు ఎక్కువ కావాలి, అందుకే ఆ కార్ఖానా ఉబ్బుతుంది. పింక్, ఊదా రంగులు అద్దిన స్లైడును మైక్రోస్కోప్ కింద పెడితే, లేత ఊదా కేంద్రకం మధ్యలో ముదురు చుక్క కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పాథాలజిస్టు రాసింది దాన్నే. నూరేళ్లకు పైగా వాళ్లు గమనిస్తున్న గుర్తు అది. కణాలు ఎంత తేడాగా ఉన్నాయో చెప్పే గ్రేడులో అది ఇప్పటికే లెక్కకు వచ్చేసింది. జబ్బు పాకిందని గానీ, తిరగబెట్టిందని గానీ దానర్థం కాదు. అయినా సందేహం తీరకపోతే ఆపరేషన్ చేసిన ఆస్పత్రిలో స్లైడ్లు, బ్లాకులు (మైనంలో భద్రపరిచిన గడ్డ ముక్కలు) అడిగి తీసుకోండి. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, పంజాగుట్టలోని నిమ్స్ ఆస్పత్రి లాంటి చోట రెండో అభిప్రాయం అడగొచ్చు.

ఈ చుక్కలను లక్ష్యంగా చేసుకునే మందుల కోసం పరిశోధనలు గట్టిగానే సాగుతున్నాయి. నాకు వాటిమీద ఎంతో ఆశ ఉంది. కానీ రొమ్ము క్యాన్సర్‌కు అలాంటి మందేదీ ఇవాళ మెడికల్ షాపులో దొరకదు.

అమ్మగారు మాత్ర మానడానికి వీడియో ఒక్కటే కారణమా, ఒంట్లో వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం కూడా తోడయ్యాయా అన్నది పక్కన కూర్చుని నెమ్మదిగా అడగండి. మా ఓపీలో చాలామంది ఈ మాట కూతురికి చెబుతారు గానీ మాకు చెప్పరు. ఆవిర్లకు ఉపాయాలున్నాయి. మాత్ర మళ్లీ మొదలయ్యాక అసాధారణంగా బ్లీడింగ్ అయితే గైనకాలజిస్టుకు చూపించండి. ఒక కాలే వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.