వెబ్‌సైట్ తయారీ, నిర్వహణ రెండూ ఒకే బృందానికి అప్పగించవచ్చా? ఒప్పందంలో ఏం చూసుకోవాలి?

అప్పగించవచ్చు, సైట్‌ను తయారుచేసినవారికే కోడ్ లోతుపాతులు తెలుసు కాబట్టి తరువాతి మరమ్మతులు త్వరగా పూర్తవుతాయి. అయితే మొదటిది ఒక తేదీన ముగిసే పని, రెండోది నెలనెలా సాగే పని కనుక రెండింటికీ వేర్వేరు ఒప్పందాలు రాసుకోవడం మేలు.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది యాజమాన్యం. డొమైన్ పేరు (సైట్ చిరునామా) రిజిస్ట్రార్ వద్ద, అంటే ఆ పేర్లను నమోదు చేసే సంస్థ వద్ద, బృందం పేరిట కాక మీ పేరిట, మీ ఈమెయిల్‌తో నమోదై ఉండాలి. లేకపోతే సంబంధాలు చెడిన రోజున మీ డొమైన్ కోసం మీరే వారిని బతిమాలుకోవలసి వస్తుంది. సైట్‌ను ఇంటర్నెట్‌లో ఉంచే హోస్టింగ్ ఖాతాకూ, కోడ్‌ను భద్రపరచే గిట్ రిపాజిటరీకీ ఇదే వర్తిస్తుంది. డబ్బు చెల్లించినంత మాత్రాన కోడ్‌పై కాపీరైట్ దానంతటదే మీకు దక్కుతుందనుకోవద్దు. బయటి కాంట్రాక్టర్ రాసిన కోడ్‌పై హక్కు మీకు రావాలంటే చాలా దేశాల్లో రాతపూర్వక బదిలీ అవసరం.

నిర్వహణ కింద ఏమేం చేస్తారో విడివిడిగా రాయించుకోండి: వర్డ్‌ప్రెస్ వంటి సైట్ తయారీ వ్యవస్థలో ప్లగిన్ల (అదనపు సౌకర్యాలు జోడించే చిన్న ప్రోగ్రాముల) అప్‌డేట్లు, సాధారణంగా 90 రోజులకే గడువు తీరే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ (సైట్‌కు సురక్షిత https కనెక్షన్ కోసం వాడేది) పునరుద్ధరణ, సైట్ ఆగిపోతే ఎన్ని గంటల్లో స్పందిస్తారనేది. బ్యాకప్ తీస్తున్నామన్న హామీ ఒక్కటే చాలదు; ఏదైనా పాత బ్యాకప్‌ను టెస్ట్ సర్వర్‌లో పెట్టి, సైట్ తెరిచి చూపించమనండి. బృందం పనితనం నిజంగా బయటపడేది అక్కడే.

ఎంపికకు ముందు వారు లోగడ చేసిన సైట్లను (కొత్తవాటికన్నా రెండేళ్ల నాటివైతే మరీ మంచిది) మొబైల్‌లో తెరిచి చూడండి. చెల్లింపును దశలవారీగా విభజించి, చివరి వాయిదాను పాస్‌వర్డ్‌లన్నీ చేతికి అందాకే ఇవ్వండి.