మామగారి పెట్టెలో ఎనిమిది రిబ్బన్లు, కాగితం మీద రెండు

ప్రశ్న: నమస్కారమండీ. మా మామగారు అమెరికన్. 1968 జనవరిలో డ్రాఫ్టులో, అంటే తప్పనిసరి సైనిక సేవకు, ఆర్మీకి వెళ్లి, ఆ ఆగస్టు నుంచి 1969 ఆగస్టు దాకా వియత్నాంలో 25వ ఇన్‌ఫాంట్రీ డివిజన్‌లో పనిచేశారు. తిరిగి రాగానే విడుదలయ్యారు. పెళ్లయిన కొత్తలో నేను ‘మామయ్యగారూ’ అని పిలిస్తే అదేదో తనకిచ్చిన ర్యాంకు అనుకుని సెల్యూట్ చేసేవారు. యుద్ధం సంగతి మాత్రం ఎత్తేవారు కాదు. నిరుడు కన్నుమూశారు. అత్తగారు అంతకు ముందే పోయారు. ఆవిడ చేయించిన అద్దాల పెట్టె హాలు గోడకు ఉంది. అందులో మామగారి యూనిఫాం ఫొటో, ఒక్కో పతకానికి గుర్తుగా యూనిఫాం మీద పెట్టుకునే రిబ్బన్లు ఎనిమిది ఉన్నాయి. ఒకటి ఊదా రంగుది, ఒకటి ఇంద్రధనుస్సులా రంగురంగులది. అంత్యక్రియలప్పుడు డీడీ 214, అంటే సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే కాగితం, బయటికి తీస్తే దాని మీద రెండే ఉన్నాయి: నేషనల్ డిఫెన్స్ సర్వీస్ మెడల్, వియత్నాం సర్వీస్ మెడల్. ‘కాగితం మీద లేనిది లేనట్టే’ అని చిన్నమామగారు అందరి ముందూ అనేశారు. ఆ రోజు నుంచి మా ఆయన ఆ పెట్టె వైపు చూడటం లేదు. ఈ మధ్య 1969 మార్చిలో మామగారు వాళ్లమ్మకు రాసిన ఉత్తరం దొరికింది. కాలికి ఇనుప ముక్క తగిలిందనీ, ఆసుపత్రిలో ఉన్నాననీ, కంగారు పడొద్దనీ రాశారు. ఇన్నేళ్ల తర్వాత రికార్డు సరిచేయించవచ్చా? నేను సంతకం పెట్టి పంపవచ్చా? ఒకాయన తొమ్మిది వందల డాలర్లు ఇస్తే అంతా తానే చూసుకుంటానంటున్నారు.
– ఒక కోడలు, టెక్సస్

జవాబు: ఆ తొమ్మిది వందలు ఇవ్వకండి. మీరు నింపాల్సిన ఫారాలు రెండు. రెండూ ఉచితమే, రెండూ కలిపినా మన ఊళ్లో రేషన్ కార్డు దరఖాస్తు అంత కష్టం కాదు.

సంతకం మాత్రం మీది చెల్లదు. చనిపోయిన సైనికుడి ఫైలు అడిగే హక్కు మళ్లీ పెళ్లి చేసుకోని భార్య లేదా భర్తకు, తల్లిదండ్రులకు, కొడుకులకు, కూతుళ్లకు, తోబుట్టువులకు ఉంటుంది. కోడలు ఆ జాబితాలో లేదు, మనవడూ లేడు. కాబట్టి మీ ఆయన ఆ పెట్టె వైపు చూసినా చూడకపోయినా పెన్ను ఆయనే పట్టుకోవాలి. మరణ ధ్రువపత్రం నకలు జత చేయాలి. చిన్నమామగారు కూడా సోదరుడిగా అడగవచ్చు. ఆ రాద్ధాంతం చేసిన పెద్దమనిషి చేతే సంతకం పెట్టిస్తే బాగుంటుందని నాకో దుర్బుద్ధి పుట్టింది. అది మీ ఇంటి సంగతి.

ఇక ఆ ఆరు రిబ్బన్లు కాగితం మీదకు ఎందుకు ఎక్కలేదన్నది. ఈ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేనే ఎక్కించలేదు. మీ మామగారివి కావు, నా తరం వాళ్లవి. అమెరికా సైన్యంలో నా ఉద్యోగకాలమంతా సిబ్బంది రికార్డుల గుమాస్తాగానే గడిచింది. 1998లో ఒక స్థావరంలో విడుదలయ్యే వాళ్లకు డీడీ 214 టైపు చేసేదాన్ని. శుక్రవారం మధ్యాహ్నం, గుమ్మం బయట పదిహేను మంది, అందరి కార్లూ సామానుతో నిండి ఉన్నాయి. ఒక సార్జెంటు వచ్చి ‘నాకు రెండో కమెండేషన్ మెడల్ వచ్చింది, ఇందులో లేదేమిటి’ అన్నాడు. ఫైలులో ఉత్తర్వు లేదు. ఫైలులో లేనిది నేను టైపు చేయలేను. ‘తర్వాత సరిచేయించుకోండి’ అన్నాను. ఆయన నవ్వి సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఆ ఉత్తర్వు మూడు వారాలకు వచ్చింది, అప్పటికి ఆయన రెండు రాష్ట్రాల అవతల ఉన్నాడు. గుమాస్తా మనిషి చేసినదంతా రాయడు, ఆ పూట ఫైలులో ఉన్నదే రాస్తాడు.

వియత్నాం వాళ్ల విషయంలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. మీ మామగారిలా గడువు ఐదు నెలల లోపే మిగిలి తిరిగొచ్చిన వాళ్లను విమానం దిగిన చోటే ఒకటి రెండు రోజుల్లో విడుదల చేసేవారు. అక్కడ టైపు చేసే మనిషికి వియత్నాంలోని బెటాలియన్ నుంచి రావాల్సిన ఉత్తర్వులు అందేవి కావు. పైగా మీ అత్తగారి పెట్టెలోని ఒక రిబ్బను ఆ రోజున ఏ గుమాస్తా రాయగలిగేది కాదు. బంగారు రంగు చట్రం మధ్యలో ఎర్రచారలు, పసుపు చారలు ఉన్నది చూడండి. అది అప్పటి దక్షిణ వియత్నాం ప్రభుత్వం ఇచ్చిన గ్యాలంట్రీ క్రాస్ యూనిట్ సైటేషన్, అంటే ఒక మనిషికి కాక యూనిట్ మొత్తానికి ఇచ్చే గుర్తింపు. వియత్నాంలో పనిచేసిన ఆర్మీ యూనిట్లన్నింటికీ అది వర్తిస్తుందని ఆర్మీ జనరల్ ఆర్డర్ 8 ప్రకటించింది 1974లో. మీ మామగారు అప్పటికి ఐదేళ్లుగా ఇంట్లో ఉన్నారు. కాగితం మీద లేనిది లేనట్టే అన్న చిన్నమామగారికి ఈ ఒక్క తేదీ చెప్పండి చాలు.

ఇప్పుడు రిబ్బన్లను రెండు కుప్పలు పోయండి.

మొదటి కుప్పలోవి తేదీలను బట్టి వాటంతటవే వచ్చేవి. పైన చెప్పిన సైటేషన్ ఒకటి. వియత్నాం క్యాంపెయిన్ మెడల్ ఇంకొకటి, అక్కడ ఆరు నెలలుంటే వస్తుంది. ఇక మీ కాగితం మీద ఇప్పటికే ఉన్న వియత్నాం సర్వీస్ మెడల్ కూడా సగమే ఉంది. దాని మీద ఒక్కో దండయాత్ర దశకు ఒక్కో చిన్న కంచు నక్షత్రం ఉండాలి. 1968 ఆగస్టు నుంచి 1969 ఆగస్టు అంటే ఐదో దశ ప్రతిదాడి, ఆరో దశ ప్రతిదాడి, 1969 టెట్ ప్రతిదాడి, 1969 వేసవి–శరత్కాల దశ. నాలుగు నక్షత్రాలు. వీటికి సాక్షులు అక్కర్లేదు, వియత్నాంలో ఉన్న తేదీలు రికార్డులో ఉంటే చాలు. డీడీ 214లో 30వ గడి, అంటే రిమార్కుల గడి చూడండి. చాలామందికి ఆ తేదీలు అక్కడే టైపు చేసి ఉంటాయి.

గుడ్ కాండక్ట్ మెడల్ రెండు కుప్పల మధ్య నిలబడుతుంది. మామూలుగా మూడేళ్ల సేవకు ఇస్తారు. ఏడాది దాటి మూడేళ్ల లోపే విడుదలైతే చివర్లో ఒకసారి ఇవ్వవచ్చు. మీ మామగారిది పందొమ్మిది నెలలు. ఆయన ప్రవర్తన, పనితనం రెండింటికీ ప్రతిచోటా ‘ఎక్సెలెంట్’ అని ఉండి, శిక్షలేవీ లేకపోతే, అడగండి. గుమాస్తాలు ఎక్కువగా మరిచిపోయేది ఈ మెడల్‌నే.

రెండో కుప్పలో ఊదా రిబ్బను, అంటే పర్పుల్ హార్ట్. దీని దగ్గర కాసేపు ఆగుతాను. పర్పుల్ హార్ట్‌కు మూడు సంగతులు రుజువు కావాలి: గాయం శత్రు చర్య వల్ల అయిందని, వైద్య సిబ్బంది చికిత్స చేశారని, ఆ చికిత్స అధికారిక రికార్డులో నమోదైందని. ఉత్తరం మొదటిదానికి బలమిస్తుంది కానీ మూడోదానికి చాలదు. రికార్డులు సవరించే ఆర్మీ బోర్డు వాళ్లు ఉత్తరాన్ని కొట్టిపారేయరు, దాని పక్కన ఇంకో కాగితం కావాలంటారు. ఆ ఇంకో కాగితం ఎక్కడెక్కడ ఉండవచ్చో చెబుతాను.

మీ ఆయన పూర్తి ఫైలు అడిగితే డీఏ ఫారం 20 అనే మడతల అట్ట కాగితం నకలు వస్తుంది. సైనికుడి వెంట యూనిట్ నుంచి యూనిట్‌కు తిరిగిన కాగితం అది. అందులో 40వ గడి గాయాలది, 41వది పతకాలది, 38వది ఇందాకటి ‘ఎక్సెలెంట్’లది. 40వ గడిలో ‘కాలు, తునక’ అని ఒక్క ముక్క ఉన్నా మీ పని సగం అయినట్టే. అది ఖాళీగా ఉంటే విడుదలకు ముందు జరిపిన వైద్య పరీక్ష కాగితం చూడండి. వైద్యుడు ఒంటి మీది మచ్చలు రాస్తాడు. తర్వాత వియత్నాం క్షతగాత్రుల జాబితా ఉంది, బోర్డు సిబ్బందే దాన్ని చూస్తారు, అయినా చూడమని దరఖాస్తులో రాయండి. కంపెనీ రోజువారీ హాజరు నివేదికలు, అంటే మార్నింగ్ రిపోర్టులు, ఇంకో ఆధారం. ఫలానా తేదీన ఫలానా సైనికుడు ఆసుపత్రికి వెళ్లాడని, ఫలానా తేదీన తిరిగి వచ్చాడని వాటిలో ఉంటుంది. మీకు ఉత్తరం తేదీ తెలుసు కాబట్టి ఏడాదంతా కాదు, మార్చి నెలే వెతకమనండి. వెతికేవాడికి నెల చెప్పినవాడికీ చెప్పనివాడికీ వచ్చే జవాబుల్లో చాలా తేడా ఉంటుంది.

పెట్టెలో ఎర్రటి రిబ్బను మధ్యలో నీలం చార, దానికి అటూ ఇటూ సన్నని తెల్ల గీతలు ఉంటే అది బ్రాంజ్ స్టార్. దానికి ఉత్తర్వు తప్పనిసరి. వియత్నాం కాలపు పతకాల ఉత్తర్వులకు ఆర్మీ దగ్గర కంప్యూటర్ సూచిక ఉంది, బోర్డు అందులో పేరు వెతికిస్తుంది. అక్కడ దొరక్కపోతే మిగిలింది కాంగ్రెస్ సభ్యుడి ద్వారా కొత్తగా సిఫారసు చేయించడం. దానికి కళ్లారా చూసినవాళ్ల వాంగ్మూలం కావాలి. ఆ దారి మూసి ఉందనను, కానీ దాన్ని మిగిలిన వాటితో కలిపి ఒకే దరఖాస్తులో పెట్టకండి. సులువుగా వచ్చేవి కష్టమైనదాని కోసం ఆగిపోతాయి.

ఇంద్రధనుస్సు రిబ్బను సంగతి. అమ్మా, అది మామగారిది కాదు. ఆర్మీ సర్వీస్ రిబ్బన్ అంటారు, 1981లో పుట్టింది. అత్తగారికి దుకాణం వాడు ‘ఆర్మీ వాళ్లందరికీ ఉంటుంది’ అని కలిపి ఇచ్చి ఉంటాడు. ఆవిడ తప్పేమీ లేదు. కానీ దరఖాస్తుతో పెట్టె ఫొటో జత చేయాలనుకుంటే చేయకండి. చదివేవాడు మొదట ఆ రిబ్బనునే చూస్తాడు, ఆ తర్వాత మిగిలిన వాటిని అనుమానంగా చూస్తాడు.

యూనిఫాం ఫొటోను మాత్రం భూతద్దంతో చూడండి. ఎడమ జేబు పైన అడ్డంగా తుపాకీ బొమ్మ ఉందా? ఉంటే దాని చుట్టూ ఆకుల దండ ఉందా? దండ లేకపోతే అది శిక్షణలో సంపాదించే నైపుణ్య బ్యాడ్జి. దండ ఉంటే కంబాట్ ఇన్‌ఫాంట్రీమన్ బ్యాడ్జి. పదాతి దళం వాడై ఉండి, పదాతి యూనిట్‌లో ఉండి, ఎదురుకాల్పుల్లో పాల్గొన్నవాళ్లకే అది ఇస్తారు. పాతవాళ్లు చాలామంది మెడళ్లన్నీ పక్కన పెట్టి దీన్నొక్కటే చూసుకుని మురుస్తారు. ఆయన వృత్తి కోడ్ 11బి, అంటే పదాతి సైనికుడు, అని డీడీ 214లో 23వ గడిలో ఉంటే దీన్నీ అడగండి. మీ ఉత్తరంలో దీని ప్రస్తావనే లేదు.

ఇక దారి. మొదట స్టాండర్డ్ ఫారం 180, లేదా అదే పనికి ఆన్‌లైన్ దరఖాస్తు. సెయింట్ లూయిస్‌లోని నేషనల్ పర్సనెల్ రికార్డ్స్ సెంటర్‌కు పంపాలి. ‘పూర్తి ఫైలు, వైద్య కాగితాలతో సహా’ అని స్పష్టంగా రాయండి. ఉత్త 214 అడిగితే ఉత్త 214 వస్తుంది. అక్కడ 1973 జూలై 12న అగ్నిప్రమాదం జరిగి కోటీ అరవై లక్షలకు పైగా ఫైళ్లు పోయిన మాట నిజమే. కానీ కాలిపోయిన ఆర్మీ ఫైళ్లు 1960కి ముందు విడుదలైనవాళ్లవి. 1969 వాళ్ల ఫైలు ‘కాలిపోయింది’ అని ఎవరైనా తేలిగ్గా చెబితే నమ్మకండి.

ఫైలు చేతికి వచ్చాకే రెండో ఫారం, డీడీ 149. అది ఆర్మీ రికార్డుల సవరణ బోర్డుకు వెళ్తుంది. పొరపాటు తెలిసిన మూడేళ్లలో అడగాలని చట్టం అంటుంది, న్యాయం కోసం ఆ గడువును బోర్డు మన్నించవచ్చనీ అదే చట్టం అంటుంది. మీకు తెలిసింది నిరుడే, ఆ మాట తేదీతో సహా రాయండి. మొదటి కుప్పలోవి బోర్డు సభ్యుల దాకా వెళ్లకుండా సిబ్బంది స్థాయిలోనే తేలిపోవడం మామూలే. దరఖాస్తులో కథ రాయకండి. ఒక్కో పతకానికి ఒక్కో వాక్యం, ఆ వాక్యం పక్కన ఏ కాగితం రుజువో దాని సంఖ్య. మీ ఆయన బాధ, చిన్నమామగారి మాట, ఇవేవీ వద్దు. చదివే మనిషి నా లాంటి గుమాస్తాయే. జాలిపడతాడు కానీ జాలిని టైపు చేయలేడు.

నెలలు పడుతుంది. చివరికి సాధారణంగా కొత్త 214 రాదు, డీడీ 215 అనే సవరణ కాగితం వస్తుంది. రెండూ కలిపి ఉంచాలి. సమాధి రాయి మీద పతకాల పేర్లు చెక్కించాలనుకుంటే ఆ కాగితం వచ్చేదాకా ఆగండి. ప్రభుత్వం ఇచ్చే రాయికి వాళ్లు రుజువు అడుగుతారు.

ఒక్క మాట మరిచాను. ఆ మార్చి ఉత్తరం కవరు ఉందా? వియత్నాం నుంచి సైనికులు స్టాంపు అంటించేవారు కాదు, ఆ మూల ‘ఫ్రీ’ అని చేత్తో రాసేవారు. ఎడమ మూలన పంపినవాడి చిరునామా ఉంటుంది: పేరు, నంబరు, కంపెనీ, బెటాలియన్. ఆసుపత్రి మంచం మీంచి రాసి ఉంటే కంపెనీ పేరుకు బదులు ఆసుపత్రి పేరు ఉండవచ్చు, పక్కన తపాలా ముద్రలో తేదీ ఉంటుంది. దొరికితే రెండు వైపులా నకలు తీసి, ఉత్తరం కంటే ముందు దాన్ని పెట్టండి.