అండం ఎవరిది?

సందేహం: మా పాపకు ఇంట్లో తెలుగులో జీవశాస్త్రం చెబుతున్నాను. ‘అండం స్త్రీ శరీరంలో తయారవుతుంది’ అని చెప్పిన మర్నాడే, మా నాన్నగారి పాత మందుచీటీలో ‘అండవాయువు’ అన్న మాట చూసి ‘తాతయ్యకు అండమేమిటి?’ అని అడిగింది. ఏది ఒప్పు?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

సమాధానం: రెండూ ఒప్పేనమ్మా. అండవాయువంటే మగవాళ్లకు వృషణాల తిత్తి ఉబ్బే జబ్బు. అండమంటే గుడ్డు. పూర్వులు ఆకారం చూసి వృషణానికీ పెట్టిన పేరది. ‘ముష్కోఽండకోశో వృషణః’ అన్నాడు సంస్కృత నిఘంటువు అమరకోశం రాసిన అమరసింహుడు, మూడు మాటలూ మగవాడివే. పాలిచ్చే జంతువుల్లో ఆడదాని అండాన్ని ఫాన్ బేర్ అనే శాస్త్రవేత్త కనిపెట్టింది 1827లో. మిల్లీమీటరులో పదో వంతుండే దాన్ని అంతకు ముందు గుడ్డని ఎవరంటారు?

నాకు ప్రాణమైన మాట వృషణం. ‘వృష్’ అంటే కురియడం. వర్షం, వృషభం దీని తోబుట్టువులే. అండం రూపం చెబితే, వృషణం పని చెబుతుంది. వీర్యకణాలు తయారుచేసే ఆ పనికి ఒంటి వేడికన్నా రెండు మూడు డిగ్రీల చల్లదనం కావాలి. అందుకే తిత్తి బయట వేలాడుతుంది. ఎండల్లో ఆబోతును చూడండి, తిత్తి కిందికి జారి ఉంటుంది. చలికి ముడుచుకుని పొట్టకు అంటుకుంటుంది. ఏనుగుకు మాత్రం అవి కడుపులోనే, మూత్రపిండాల దగ్గర ఉంటాయి.

వాల్మీకి రామాయణంలో గౌతముడు ఇంద్రుణ్ణి ‘విఫలుడివి కమ్మ’ని శపిస్తాడు. అక్కడ ఫలమంటే వృషణమే. తర్వాత పొట్టేలువి తెచ్చి అతికిస్తారు. మన పల్లెల్లో ‘కాయలు’ అన్నా, మీ పక్కింటి తమిళులు ‘విదై’ అన్నా (మన ‘విత్తు’కు చుట్టమే) చూపు ఒకటే. ఋషి నోట ఒప్పిన పోలిక రైతు నోట మోటెలా అయింది? పత్రికలవాళ్లు అన్నిటికీ ‘మర్మాంగం’ అని ముసుగేస్తున్నారు. దెబ్బ ఎక్కడ తగిలిందో చదివేవాడికి తెలియొద్దా? శరీరంలో సిగ్గుపడవలసిన భాగం లేదు, పేరు చెప్పలేని రాతే ఉంది.

ఇక అమరుడి మూడు మాటల్లో మొదటిదైన ముష్కమంటే ‘చిట్టెలుక’ అంటారు.

పాఠంలో మాత్రం అండం స్త్రీకి, వృషణం పురుషుడికి ఉంచండి. అండవాయువు వైద్యంలో స్థిరపడిన పేరు, దాన్ని కదపనక్కర్లేదు. ఇక పువ్వులోని ఆడభాగాన్ని మన పాఠ్యపుస్తకాలు ‘అండకోశం’ అంటున్నాయి. అమరుడి మగమాట అటు వెళ్లిపోయింది! తప్పనడానికి నోరు రావడం లేదు, ఒప్పనడానికీ మనసు రావడం లేదు. పాపకు ఇదంతా తాతయ్య చీటీ పక్కన పెట్టుకునే చెప్పండి.