క్లచ్‌దా తప్పు, థ్రాటిల్‌దా?

ప్రశ్న: నాలుగో గేర్లో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ రొద పెరుగుతోంది తప్ప బండి వేగం అందుకోవడం లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు మరీనూ. క్లచ్ పోయిందని ఒక మెకానిక్, థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే భాగం) శుభ్రం చేస్తే సరిపోతుందని ఇంకో మెకానిక్ అంటున్నారు. ఎవరిది నిజం?

జవాబు: మొదటాయన చెప్పిందే. థ్రాటిల్‌లో లోపముంటే మీరెంత తొక్కినా అసలు ఇంజినే పుంజుకోదు. ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లు, స్పీడు ముల్లు రెండూ కలిసే బద్ధకిస్తాయి. మీ బండిలో ఒకటి ఎగబాకుతోంది, రెండోది కదలడం లేదు. అంటే ఇంజిన్ శక్తి గేర్‌బాక్స్‌కు చేరక దారిలో జారిపోతోంది. రూఢి చేసుకోవాలంటే ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్లో 50 కిలోమీటర్ల వేగం దగ్గర ఒక్కసారిగా పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు 2000 నుంచి గబుక్కున 3000 దాటి, వేగం మాత్రం అలాగే ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. ఈ పరీక్ష ఒకసారి చాలు. పదే పదే చేస్తే మిగిలిన క్లచ్ ప్లేట్ కూడా కాలిపోతుంది.

అయితే వెంటనే గేర్‌బాక్స్ దింపించకండి. కేబుల్ క్లచ్ (పెడల్ తీగతో లాగేది) అయితే ముందు పెడల్‌ను చేత్తో నొక్కి చూడండి. గట్టిదనం తగిలేలోపు కాస్త వదులు ఉండాలి. చాలా కార్లలో అది 10 నుంచి 20 మిల్లీమీటర్లు. మీ బండి లెక్క మాన్యువల్‌లో ఉంటుంది. ప్లేట్ అరిగేకొద్దీ ప్రెషర్ ప్లేట్ (క్లచ్ ప్లేట్‌ను అదిమి పట్టేది) వేళ్లు రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే ఆ వేళ్లను నెట్టేది) వైపు జరుగుతాయి, ఈ వదులు తగ్గుతూ వస్తుంది. అది సున్నా అయితే మీరు కాలు తీసేసినా క్లచ్ సగం నొక్కినట్టే ఉంటుంది. కేబుల్ నట్టు సవరిస్తే ఒక్కోసారి జారడం అక్కడికక్కడే ఆగిపోతుంది.

హైడ్రాలిక్ క్లచ్‌కు (తీగ బదులు ద్రవం ఒత్తిడితో పనిచేసేది) వేరే చిట్కా ఉంది. క్లచ్ జారుతున్నప్పుడే బండి పక్కకు ఆపి, స్లేవ్ సిలిండర్ (గేర్‌బాక్స్ దగ్గర ఉండేది) మీద గాలి తీసే నిపుల్ కొద్దిగా వదులు చేయించండి. ద్రవం ఒత్తిడితో చిమ్మి, ఆ తర్వాత జారడం తగ్గితే ప్లేట్ తప్పు కాదు; మాస్టర్ సిలిండర్ (పెడల్ దగ్గర ఉండేది) ఒత్తిడిని వెనక్కి వదలడం లేదన్నమాట.

మీ బండికి తగిన ఈ పరీక్షలో లోపం కనపడకపోతే అప్పుడు గేర్‌బాక్స్ దింపించాల్సిందే. క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్చండి. బేరింగ్ ఒక్కటి పాతది ఉంచితే, అది పోయినప్పుడు మళ్లీ ఇదే కూలీ. ఫ్లైవీల్ (క్లచ్ ప్లేట్ ఆనుకునే ఇంజిన్ చక్రం) మీద నీలి మచ్చలు, పగుళ్లు ఉన్నాయేమో దగ్గరుండి చూడండి. ప్లేట్ మీద నూనె తడి కనిపిస్తే క్రాంక్ వెనక సీల్ గానీ, గేర్‌బాక్స్ షాఫ్ట్ సీల్ గానీ కారుతోంది. సీల్ మార్చకుండా కొత్త ప్లేట్ వేయడం డబ్బు దండగ. నూనె పట్టిన ప్లేట్‌ను పెట్రోలుతో కడిగి బిగిస్తామంటే ఒప్పుకోకండి.

ప్రశ్న: పొద్దున్నే రివర్స్ గేర్ వేస్తే గరగరమంటోంది. క్లచ్ రెండు మూడుసార్లు గబగబా తొక్కి వేస్తే పడుతోంది. గేర్‌బాక్స్ పాడైనట్టా?

జవాబు: గేర్‌బాక్స్‌ను అనుమానించే ముందు ఇంజిన్ ఆపి గేర్లన్నీ వేసి చూడండి. ఆపినప్పుడు మెత్తగా పడుతూ, నడుస్తున్నప్పుడే మొరాయిస్తే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. పైగా తొక్కేకొద్దీ మెరుగవుతోందంటే హైడ్రాలిక్ లైన్లో గాలి చేరింది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు అరిగింది.

పెడల్ వెనక, పుష్‌రాడ్ (పెడల్ నుంచి మాస్టర్‌ను నెట్టే కడ్డీ) చుట్టూ వేలు పెట్టి తడి చూడండి. మ్యాట్ కింద కార్పెట్ తడిస్తే మాస్టర్, గేర్‌బాక్స్ పక్కన తడిస్తే స్లేవ్. చాలా కార్లలో క్లచ్‌కూ బ్రేకుకూ ఒకటే ద్రవపు డబ్బా కాబట్టి మట్టం తగ్గితే ఉపేక్షించకండి.

లీకు లేకపోతే గాలి తీయడానికి ఇద్దరు కావాలి. స్లేవ్ నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండో కొన కొద్దిగా ద్రవమున్న సీసాలో ముంచండి. ఒకరు పెడల్ కింది దాకా నొక్కి పట్టుకోవాలి, రెండోవారు నిపుల్ వదిలి, మళ్లీ బిగించాలి. బిగించాకే పెడల్ పైకి రావాలి. ఈ వరస తప్పితే బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. బుడగలు ఆగేదాకా చేయండి, మధ్యమధ్యలో డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ ఉండండి. మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఏది రాసుంటే అదే పోయాలి. డాట్ 5 సిలికాన్‌ది, కలపకూడదు. ద్రవం పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి. గాలి తీసిన కొద్ది రోజులకే సమస్య మళ్లీ వస్తే సిలిండర్ మార్చాల్సిందే.

ప్రశ్న: సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కగానే ఇంజిన్ ఆగిపోయేది. థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించాను. ఇప్పుడు ఆగడం లేదు గానీ, ఐడిలింగ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ వేగం) 1500 ఆర్‌పీఎం దగ్గరే ఉంటోంది.

జవాబు: శుభ్రం చేయడం మంచి పనే, కాకపోతే సగమే అయింది. బటర్‌ఫ్లై (థ్రాటిల్‌లో తెరుచుకునే గుండ్రటి రేకు) అంచున మసి పేరుకుంటే గాలి దారి ఇరుకవుతుంది. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న కార్లలో ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) ఆ ఇరుకుకు తగ్గట్టు రేకును కాస్త ఎక్కువ తెరవడం నేర్చుకుంటుంది. మసి పోయినా పాత లెక్కే వాడుతుంటే గాలి ఎక్కువై ఆర్‌పీఎం పెరుగుతుంది. స్కానర్‌తో ఐడిల్ రీలెర్న్ (ఆ లెక్కను మళ్లీ కొత్తగా నేర్పడం) చేయిస్తే 700-900 మధ్యకు దిగాలి. దిగకపోతే థ్రాటిల్ బాడీ గాస్కెట్, వాక్యూమ్ గొట్టాల దగ్గర బుస్సుమనే శబ్దం వినిపిస్తోందేమో వెతకండి. విప్పి బిగించినప్పుడు ఏదో ఒక గొట్టం ఊడి ఉండటం మామూలే. ఇంకోసారి శుభ్రం చేసేటప్పుడు ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా రేకును వేలితో నెట్టవద్దని చెప్పండి, లోపలి మోటారు పళ్లు దెబ్బతింటాయి.

ప్రశ్న: క్లచ్ తొక్కితే శబ్దం పోతోంది, వదిలితే వస్తోంది. రిలీజ్ బేరింగేనా?

జవాబు: కాదు. తొక్కినప్పుడు వస్తే రిలీజ్ బేరింగ్. వదిలినప్పుడు వస్తే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి శక్తిని గేర్‌బాక్స్‌లోకి తెచ్చేది) బేరింగ్‌ను చూడాలి. ముందు గేర్ ఆయిల్ మట్టం చూపించండి.

ప్రశ్న: యాక్సిలరేటర్ తొక్కినచోటే ఇరుక్కుపోతే ఏం చేయాలి?

జవాబు: క్లచ్ తొక్కి న్యూట్రల్ చేయండి. ఇంజిన్ అరిస్తే అరవనివ్వండి. బ్రేకును ఒకే పట్టున గట్టిగా నొక్కుతూ పక్కకు ఆపి, ఆగాకే ఇంజిన్ ఆపండి. నడుస్తుండగా తాళంచెవి తీస్తే స్టీరింగ్ లాక్ పడుతుంది. ఆ తర్వాత మొదట చూడాల్సింది పెడల్ కింద ముందుకు జరిగిన మ్యాట్. అది సరిగ్గా ఉంటే యాక్సిలరేటర్ కేబుల్ పోగులు, దాన్ని వెనక్కి లాగే రిటర్న్ స్ప్రింగ్.